కైఫియతు గడి లేని కవిలె

ఒక పెద్ద సంస్థ తన లెక్కలను యంత్రానికి అప్పగించినప్పుడు, ఏ లెక్క ఎలా కట్టాలన్నది ప్రోగ్రాము చెబుతుంది. ఏ రేటుతో, ఏ తేదీ నుంచి, ఎవరికి వర్తింపజేసి కట్టాలన్నది ప్రోగ్రాముకు బయట ఉంచిన వేరొక పత్రం చెబుతుంది. ఈ రెండో పత్రాన్ని సాంకేతికులు కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. తెలుగులో అమరిక పత్రం అనుకోవచ్చు. రేటు మారిన ప్రతిసారీ యంత్రాన్ని విప్పి బిగించే పని లేకుండా ఒక అంకె దిద్దితే చాలునన్నది ఇందులోని సౌలభ్యం. అయితే ఆ పత్రం రాయడానికి నేడు వాడుకలో ఉన్న నమూనాలు, అంటే ఎక్స్‌ఎంఎల్, జేసన్, యామల్, స్ప్రెడ్‌షీటు నుంచి దిగే సీఎస్‌వీ వంటివి, చాలావరకు సమాచారాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మోయడానికి పుట్టినవే గాని, ఒక సంస్థ తన నియమాలను, వాటి మినహాయింపులను, ఆ మినహాయింపుల కారణాలను రాసుకోవడానికి పుట్టినవి కావు. ఈ కొరత కంప్యూటరుతో మొదలు కాలేదు. భూమి లెక్కను గడుల్లోకి దింపే ప్రయత్నం రెండు శతాబ్దాలకు పైగా సాగుతూ వచ్చిన అనంతపురం సీమలో దాని చరిత్రను మొదటినుంచీ చూడవచ్చు.

ఇందుకు అనంతపురమే తగిన చోటు కావడానికి కారణం వాన. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటేసరికి బలహీనపడుతుంది, ఈశాన్య రుతుపవనం తూర్పుతీరం దాటి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తం మీద కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే, అదీ సకాలంలో పడుతుందన్న నమ్మకం లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పైరు ఎండిపోవడం లెక్కలో ఎప్పుడో ఒకసారి రాసే మినహాయింపు అయితే, ఈ ఎర్రనేలల్లో అది దాదాపు ఏటేటా రాయవలసిన పద్దు. నియమాన్ని సులువుగా ఇముడ్చుకొని మినహాయింపుకు చోటివ్వని నమూనా ఎక్కడైనా కొంతకాలం నడుస్తుంది గాని ఇక్కడ తొలి ఏడే తప్పు పడుతుంది.

ఈస్టిండియా కంపెనీ పాలనకు ముందు గ్రామ లెక్క కరణం చేతిలో ఉండేది. అతడు ఊరి పొలాలు, పన్నులు, మాన్యాలు, వాటి హక్కుదారుల వివరాలను రాసి ఉంచే గ్రంథానికి కవిలె అనీ, తరతరాల వృత్తాంతంతో కూడిన దానికి దండకవిలె అనీ పేరు. రాయలసీమ, కన్నడ సీమల్లో కరణాలు ఎక్కువగా వాడిన రాత సామగ్రి కడితం: చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసిన గుడ్డను మడతలు మడతలుగా పేర్చి, దానిమీద బలపంతో తెల్లని అక్షరాలు రాసేవారు. తప్పు పడితే తుడిచి దిద్దవచ్చు, మడత విప్పుకుంటూ పోతే ఎంత పొడుగైనా రాయవచ్చు, అన్నిటికంటె ముఖ్యంగా దానికి నిలువు గీతలు లేవు. ఒక పొలానికి ఒక వాక్యం సరిపోతే ఒక వాక్యం, చెరువు తెగి మూడేళ్లు బీడుపడిన పొలానికి పది వాక్యాలు పట్టేవి. భూమి కొలత కూడా స్థిరమైన వైశాల్యం కాదు. ఎంత విత్తనం పడుతుందో దాన్ని బట్టి ఇన్ని తూముల భూమి, ఇన్ని పుట్ల భూమి అనేవారు. అంటే పల్చని గరపనేలలో తూమెడు భూమి, చెరువు కింది మాగాణిలో తూమెడు భూమి ఒకే వైశాల్యం కానక్కర లేదు. నేల గుణం కొలతలోనే ఇమిడి ఉండేది.

ఈ పద్ధతిని పొగడ్తతో ముంచడం న్యాయం కాదు. కవిలెను కరణం తప్ప మరొకరు చదవడం కష్టం, రెండు ఊళ్ల కవిలెలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకా కష్టం, బలపంతో రాసినదాన్ని తుడవగల సౌకర్యం ఎవరికి ఉపయోగపడిందో చెప్పనక్కర లేదు. సంఖ్యల రాత కూడా బయటివారికి గహనమే. ఒకటికి లోపలి భిన్నాలను నాలుగో వంతులు, వాటిలో మళ్లీ నాలుగో వంతులుగా విడగొట్టి ప్రత్యేక సంకేతాలతో రాసేవారు. ఆ సంకేతాలకు యూనికోడ్ ప్రమాణంలో 2008లో చోటు దొరికింది. చోటు దొరికినా నేటి అమరిక నమూనాల్లో ఏదీ వాటిని సంఖ్యగా గుర్తించదు. నిజానికి జేసన్ వ్యాకరణం ప్రకారం తెలుగు అంకెలతో రాసినది ఏదైనా సంఖ్యే కాదు. సున్న నుంచి తొమ్మిది దాకా ఇంగ్లీషులో వాడే పది అంకెలనే అది సంఖ్యలుగా ఒప్పుకుంటుంది.

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేశాడు. అనంతపురం కొంతకాలం అతని ముఖ్యస్థానం. రైతు ఒక్కొక్కరితో, పొలం ఒక్కొక్కదానికి శిస్తు నిర్ణయించే రైతువారీ విధానానికి పొలాల కొలత అవసరం కాగా, 1802లో నలుగురు గుమాస్తాలతో మొదలైన ఆ కొలత పని త్వరలోనే వందమంది దాకా పెరిగింది. కొలగొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. కొలిచేవారి వెనుక నేలను తరగతులుగా విడదీసేవారు వచ్చేవారు. తూములో కలిసిపోయి ఉన్న రెండు విషయాలు, అంటే నేల ఎంత, నేల ఎటువంటిది అన్నవి, ఈవిధంగా మొదటిసారి వేరువేరు గడుల్లో పడ్డాయి. లెక్కకట్టే సూత్రం అన్ని ఊళ్లకూ ఒకటే, మారేది తరగతికి పక్కన ఉన్న రేటు మాత్రమే. ప్రోగ్రాము ఒకచోట, అమరిక మరొకచోట అన్న విభజనను ఇంతకంటె స్పష్టంగా చూపే పాత ఉదాహరణ తెలుగు సీమలో దొరకడం అరుదు.

ఆ అమరికలో ఒక అంకె తప్పని గుర్తించినవాడూ మన్రోయే. సర్వే రేట్ల ప్రకారం సర్కారు వాటా పంటలో 45 శాతం దాకా పోతున్నదనీ, దాన్ని సుమారు మూడో వంతుకు దించాలంటే అన్ని భూముల శిస్తులోనూ 25 శాతం తగ్గించాలనీ, బావుల కింద, వాగులనుంచి ఎత్తిపోసుకొనే నీటి కింద సాగయ్యే భూములకు మరో 8 శాతం తగ్గించాలనీ 1807లో అతడు రాశాడు. ఇందులో మొదటి భాగం ఒక అంకె దిద్దితే తీరేది. రెండో భాగం ఒక షరతు. నీరు తనంత తాను పారే భూమికీ, రైతు తన ఎద్దులతో, తన ఖర్చుతో నీరు తోడుకొనే భూమికీ ఉన్న తేడా ఏ తరగతి గడిలోనూ పట్టనిది గనుక దాన్ని వేరే రాయవలసివచ్చింది. పై అధికారులు ఆ సూచనను వెంటనే అంగీకరించకపోగా రైతువారీనే పక్కనపెట్టి, ఊళ్లకు ఊళ్లు మొదట మూడేళ్లకు, ఆపైన పదేళ్లకు గుత్తకిచ్చారు. గుత్త విఫలమయ్యాక రైతువారీ తిరిగి వచ్చింది, మన్రో మద్రాసు గవర్నరు అయ్యాక తగ్గింపు అమలైంది. 1827లో పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో మరణించి, మొదట గుత్తిలో ఖననమైన ఆ మనిషిని ఈ సీమ ప్రజలు చాలాకాలం తలచుకోవడానికి ఈ తగ్గింపు ఒక కారణం.

అదే కాలంలో ఇదే సీమలో మరొక రకం రాత సాగింది. కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి తెలుగు సహాయకుల ద్వారా, ఊరూరా కరణాల దండకవిలెల నుంచి గ్రామ వృత్తాంతాలను రాయించి సేకరించాడు. వాటికి కైఫియతులు అని పేరు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువులో ఊరు పాడయింది, మాన్యం ఎందుకు ఇచ్చారు అన్నవి అందులో కథగా ఉంటాయి. గడుల్లో పట్టని కారణాలన్నీ కైఫియతులోకి, కారణాలు విడిచిన అంకెలన్నీ సర్వే లెక్కలోకి వెళ్లాయి. సర్వే లెక్క కచేరీలో మిగిలి శిస్తు వసూలుకు ఆధారమైంది. కైఫియతు మద్రాసులోని గ్రంథాలయం చేరి చరిత్రకారులకు ఆధారమైంది. ఒకే కవిలె రెండుగా చీలి రెండు దారులు పట్టిందనడం అతిశయోక్తి కాదు. అయితే రెవెన్యూ భాషలో కైఫియతు అన్న మాట పూర్తిగా పోలేదు. ఊరి సాగు లెక్క అయిన అడంగలులోను ఇతర గ్రామ లెక్కల్లోను చివర ఉండే వివరణ గడికి ఆ పేరే నిలిచింది. ఏ గీతల్లోనూ ఇమడని విషయం రాయడానికి మిగిలిన ఆ వెడల్పాటి గడి మీదనే, అజమాయిషీకి వచ్చిన అధికారి కళ్లు ముందుగా పడేవి. పైరు సావి అయిందనీ, అంటే గింజ పట్టక ఎండిపోయిందనీ, బావి పూడిపోయిందనీ, రైతు ఊరు విడిచి వెళ్లాడనీ కరణం రాసే మాటలే జమాబందీలో, అంటే ఏటేటా శిస్తు ఖరారు చేసే లెక్కలో, మాఫీకి పునాది. 1876-78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు అప్పటి బళ్లారి జిల్లాను తుడిచిపెట్టినంత పని చేసినప్పుడు, రేటు గడిలో ఏ మార్పూ లేకపోయినా భూమి లెక్క అంతా మారిపోయింది. అనంతపురం వేరే జిల్లాగా ఏర్పడింది ఆ కరువు ముగిసిన కొన్నేళ్లకే, 1882లో.

తరువాత వచ్చిన రీసెటిల్‌మెంటు రిజిస్టరు బ్రిటిషు రెవెన్యూ శాఖ తయారుచేసిన నమూనాల్లో అన్నిటికంటె పకడ్బందీ అయినది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉన్నందువల్ల కచేరీల్లో దీన్ని డైగ్లాట్ అని కూడా అన్నారు. సర్వే నంబరు, సబ్‌డివిజన్, సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, నేల తరం, విస్తీర్ణం, తీర్వ, పట్టాదారు పేరు, వీటన్నిటికీ గడులున్నాయి. లేనిదల్లా ఒక ఏర్పాటు: పట్టాదారు ఎవరో తేలని చోట ఏమి రాయాలి? ఉద్యోగులు అక్కడ చుక్కలు పెట్టి వదిలేశారు. హక్కుదారుడు తెలియలేదనా, ఉన్నా ఆ రోజు కనిపించలేదనా, భూమి సర్కారుదనా, లేక ఆ గడి వర్తించదనా అన్నది చుక్క చెప్పదు. కైఫియతు గడిలో ఒక్క మాట రాసి ఉంటే తేలిపోయే సంగతి అది.

సాఫ్ట్‌వేరు రంగంలో ఈ చుక్కకు నల్ అని పేరు. విలువ లేదని చెప్పే ఈ గుర్తును 1965లో ప్రోగ్రామింగు భాషలో ప్రవేశపెట్టిన టోనీ హోర్, అది తాను చేసిన వందకోట్ల డాలర్ల పొరపాటని 2009లో స్వయంగా ఒప్పుకున్నాడు. అమరిక పత్రాల్లో దీని రూపాలు మరీ ఎక్కువ. జేసన్‌లో ఒక అంశానికి నల్ అని రాయవచ్చు, ఖాళీ పదం రాయవచ్చు, సున్న రాయవచ్చు, ఆ అంశం పేరే రాయకుండా వదిలేయవచ్చు. యామల్‌లో పేరు రాసి ఎదురుగా ఖాళీ వదిలినా అది నల్ అవుతుంది. మాఫీ శాతం ఎదుట ఉన్న ఖాళీకి మాఫీ లేదని అర్థమా, ఇంకా నిర్ణయించలేదని అర్థమా, పై స్థాయిలో ఉన్న విలువనే తీసుకోవాలని అర్థమా అన్నది నమూనా చెప్పదు, చదివే ప్రోగ్రాము తనకు తోచినట్టు తీసుకుంటుంది.

స్వాతంత్ర్యం తరువాతి మార్పుల్లో ఇక్కడ రెండే పేర్కొనదగినవి. 1971లో వచ్చిన భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద 1-బి అనే హక్కుల రిజిస్టరు నమూనా వచ్చింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న కరణం పదవులను రద్దుచేసింది. రద్దు న్యాయమైనదే. కాని కైఫియతు గడిలో రాయని విషయాలను కూడా తలలో పెట్టుకొని తిరిగే మనిషి ఆ రోజుతో వ్యవస్థలోంచి వెళ్లిపోయాడన్నది కూడా నిజమే.

1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకంతో కంప్యూటర్ల మీదికి మారింది. ఎక్స్‌ఎంఎల్ ప్రపంచ ప్రమాణంగా వెలువడింది కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. ప్రతి విలువకు ముందూ వెనకా దాని పేరును కోణపు బ్రాకెట్లలో రాసే ఈ నమూనా, 1969లో ఐబీఎంలో పత్రాలకు గుర్తులు పెట్టడానికి పుట్టిన భాషకు మనుమడు వంటిది. దానిమీద ఉన్న ఫిర్యాదు అతివాచాలత: ఒక అంకె చెప్పడానికి దాని పేరు రెండుసార్లు రాయాలి. ఆ విసుగులోంచి 2001 ప్రాంతంలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేసన్‌ను, మరికొందరు యామల్‌ను తెచ్చారు. ఎక్స్‌ఎంఎల్ హేళనకు గురైనంత చెడ్డది కాదనే చెప్పాలి. దానిలో వ్యాఖ్య రాసుకోవచ్చు, ఏ గడిలో ఏ రకం విలువ ఉండాలో వేరొక పత్రంలో ముందే కట్టడి చేయవచ్చు. జేసన్ సన్నబడే క్రమంలో వదులుకున్నది సరిగ్గా ఆ వ్యాఖ్యనే. యంత్రానికి సంబంధించిన ఆదేశాలను కొందరు వ్యాఖ్యల్లో దాచడం మొదలుపెట్టినందువల్ల వాటిని తొలగించానని క్రాక్‌ఫర్డ్ 2012లో వివరించాడు. రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి ఆ నిర్ణయం సబబే. మనుషులు ఏళ్లతరబడి దిద్దుకుంటూ పోయే అమరిక పత్రానికి మాత్రం అది కైఫియతు గడిని కొట్టివేయడమే అయింది.

యామల్ వ్యాఖ్యను ఉంచింది గాని మరొక చోట దెబ్బతింది. రాసేవారికి కొటేషను గుర్తుల బాధ తప్పించాలని, ఏది పదమో ఏది సంఖ్యో తానే ఊహించే బాధ్యత నెత్తికెత్తుకుంది. 2005 నాటి దాని 1.1 రూపంలో, అవును కాదు అన్న అర్థాల ఇంగ్లీషు మాటలన్నీ తర్క విలువలే; నార్వే దేశపు రెండక్షరాల సంకేతం ఇంగ్లీషులో కాదు అన్న మాటే అయినందువల్ల, దేశాల జాబితాలో నార్వే మాయమై అసత్యం అన్న విలువ మిగులుతుంది. దీన్ని లోకం నవ్వుతూ చెప్పుకుంటుంది. అనంతపురం లెక్కలకు ఇదే ఊహను వర్తింపజేస్తే నవ్వు రాదు. 010 అన్న గ్రామ సంకేతాన్ని ఆ నమూనా ఎనిమిది ఆధారంగా ఉన్న సంఖ్య అనుకొని 8గా చదువుతుంది. 019ని మాత్రం, తొమ్మిది ఆ పద్ధతిలో చెల్లదు గనుక, యథాతథంగా వదిలేస్తుంది. హాజరు వేళ 9:30ని అరవైల లెక్కగా తీసుకొని 570 చేస్తుంది. 2009 నాటి 1.2 రూపం వీటిని చాలావరకు సరిదిద్దినా, పాత రూపాన్నే పాటించే ఉపకరణాలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

స్ప్రెడ్‌షీటుది ఇంకొక తీరు. సర్వే నంబరును గీతతో 12-3 అని రాస్తే అది తేదీ అయిపోతుంది. మద్రాసు పద్ధతిలో అంకె తరువాత అక్షరం, దాని తరువాత మళ్లీ అంకెగా విడిపోయే సబ్‌డివిజన్లలో 2ఈ1 వంటిది ఇంగ్లీషు అక్షరంతో పడితే, రెండును పదితో హెచ్చవేయమన్న శాస్త్రీయ సంకేతంగా భావించి 20 అన్న సంఖ్యగా తీసుకుంటుంది. మనిషి జన్యువుల పేర్లను కూడా ఇదే రోగం పట్టుకోగా, మార్చి, సెప్టెంబరు నెలల పేర్లను తలపించే జన్యువుల పేర్లను 2020లో అంతర్జాతీయ సంఘమే మార్చుకుంది. సాధనాన్ని మార్చలేక శాస్త్రం పేర్లు మార్చుకున్న సందర్భమిది. విస్తీర్ణం దగ్గర ప్రమాదం మరింత సూక్ష్మమైనది: రెండెకరాల యాభై సెంట్లను 2.50 అని రాస్తే యంత్రం చివరి సున్న అనవసరమని తీసివేసి 2.5 చేస్తుంది, యంత్రానికి రెండూ ఒకటే. సెంట్ల లెక్కకు అలవాటుపడిన కన్ను దాన్ని రెండెకరాల అయిదు సెంట్లుగా చదివితే తప్పు కన్నుది కాదు. ఇక ఫసలీ సంవత్సరం, అంటే జులై 1న మొదలై క్రీస్తుశకానికి 590 తక్కువగా నడిచే రెవెన్యూ సంవత్సరం, ఈ నమూనాల్లో దేనికీ తెలియదు. 1434 ఫసలీ వాటి దృష్టిలో ఒక అంకె మాత్రమే.

లిపి విషయం కొంత నిలిచి చూడదగ్గది. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లలో జావా భాషది పెద్ద వాటా. ఆ భాషలోని సంప్రదాయ అమరిక పత్రం, పేరు ఒకవైపు, విలువ ఇంకొకవైపు ఉండే ప్రాపర్టీస్ ఫైలు, పడమటి ఐరోపా లిపినే ఎరుగును. తెలుగు అక్షరం రాయాలంటే దాని యూనికోడ్ సంఖ్యను ముందు ఒక వెనుగీత, ఒక ఇంగ్లీషు అక్షరం పెట్టి రాయాలి. ఒక్కొక్క గుర్తుకు ఆరు స్థానాలు పడతాయి. అనంతపురం అన్న పేరులో అచ్చులు, హల్లులు, ఉకారం, సున్నలు కలిపి ఎనిమిది గుర్తులు గనుక ఆ పేరు నలభై ఎనిమిది స్థానాల అర్థం కాని వరస అవుతుంది. 2017లో వచ్చిన తొమ్మిదో జావా, అనువాద సంపుటాల వరకు, ఈ ఇబ్బంది తొలగించింది. అప్పటిదాకా ఆ ఫైలును తెరిచి పేరు సరిగా పడిందో లేదో చూడగలిగిన వీఆర్వో గాని తహశీల్దారు గాని ఉండే అవకాశం లేదు. కరణం కవిలె ఇతరులకు దుర్బోధమన్న ఫిర్యాదు ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చింది, ఈసారి కరణం స్థానంలో ఉన్నది ప్రోగ్రామరు.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. దేశమంతటికీ వర్తించే పథకం ఈ కరువు పల్లెలో ఆరంభం కావడం యాదృచ్ఛికం కాదు. రాష్ట్ర ప్రభుత్వం దీనికి టీసీఎస్ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేరును వాడింది. జాబు కార్డు, పని అంచనా, మస్టరు, వేతన చెల్లింపు అన్నీ దానిలోంచే నడిచాయి. తవ్విన మట్టి పరిమాణాన్ని బట్టి కూలి కట్టే ఈ పథకంలో, నేల ఎండి గట్టిపడే నెలల్లో అంతే శ్రమకు తక్కువ మట్టి లేస్తుంది. అందుకని రాష్ట్రంలో వేసవి భత్యం పెట్టారు: ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20. బావి నీటి భూమికి మన్రో అడిగిన 8 శాతం వంటిదే ఇది, నేలను చూసినవారు పెట్టిన షరతు. దీన్ని ఒక అమరిక పత్రంలో రాయవలసివస్తే అయిదు నెలలు, అయిదు అంకెలు సులభంగానే పడతాయి. భత్యం ఎందుకు పెట్టారన్నది మాత్రం జేసన్‌లో రాయడానికి చోటు లేదు. కారణం తెలియని తరువాతి ఉద్యోగికి ఆ అయిదు అంకెలు కొట్టివేయదగిన పొదుపు అవకాశంగా కనిపించడంలో వింత లేదు.

షరతులను అమరికలోనే రాయాలనుకున్నవారు మరో గోతిలో పడ్డారు. జావా ప్రోగ్రాములను కూర్చడానికి 2000 ప్రాంతంలో యాంట్ అనే ఉపకరణాన్ని తయారుచేసిన జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ దాని అమరికకు ఎక్స్‌ఎంఎల్‌ను ఎంచుకున్నాడు. వాడుకదారులు క్రమంగా షరతులు, పునరావృత్తులు కోరడంతో ఆ ఫైళ్లు ప్రోగ్రాములంత పెద్దవై, ప్రోగ్రాముకు ఉండే సౌకర్యాలు లేనివై తయారయ్యాయి. ఒక అసలైన భాషనే వాడి ఉండవలసిందని అతడు తరువాత రాశాడు. నేడు కుబర్నెటీస్ వంటి వేదికల్లో వేల పంక్తుల యామల్‌ను మరొక అచ్చు నుంచి పోతపోస్తున్నవారూ అదే దారిలో ఉన్నారు. ఖాళీ స్థలం ఒకటి తగ్గితే అర్థం మారిపోయే నమూనాను, అర్థం తెలియని అచ్చుతో పుట్టించడం ఎంతమాత్రం తెలివైన పని కాదు. టోమల్, జేసొనెట్, డాల్, క్యూ వంటి కొత్త భాషలు ఈ బాధల్లోంచే వచ్చాయి. వాటిలో కొన్నిటిలో విలువకు రకం చెప్పవచ్చు, కొన్నిటిలో షరతు రాయవచ్చు, అన్నిటిలోనూ వ్యాఖ్య రాయవచ్చు. పెద్ద సంస్థలు వాటివైపు నెమ్మదిగానే కదులుతున్నాయి, ఎందుకంటే పాత నమూనాను చదవగల పరికరాలు ఇప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి.

వేరుశనగకు వాతావరణ ఆధారిత పంటల బీమా వచ్చాక అంకె, కారణం విడిపోవడం పొలంలోనే కనిపించింది. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వానరోజు, 2.4 పడినది వట్టి రోజు. రైతు వానను పదునుతో కొలుస్తాడు, అంటే నేల విత్తనం పట్టేంత లోతుకు తడిసిందా లేదా అని చూస్తాడు. తూము వలెనే పదునులోనూ నేల గుణం కలిసి ఉంటుంది. ఎర్రగరపకు, నల్లరేగడికి ఒకే వాన ఒకే పదును ఇవ్వదు. బీమా షరతుల పట్టికలో అంకెకు చోటుంటుంది, పదునుకు ఉండదు.

2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చి అడంగలును, 1-బిని రైతు ఇంటినుంచే చూసుకొనే వీలు కల్పించాయి; 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మన్రో నాటి గొలుసు పని ఇప్పుడు ఉపగ్రహ సంకేతాలు చేస్తున్నాయి. రీసెటిల్‌మెంటు రిజిస్టరులోని చుక్కలు మాత్రం ఈ మార్పులన్నిటినీ దాటుకొని వచ్చాయి. చుక్క ఉన్న భూమి సర్కారుదేనని భావించి రిజిస్ట్రేషను నిషేధించిన జాబితాలో చేర్చడంతో, రాయలసీమ జిల్లాల్లోను, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోను తరాలుగా సాగుచేస్తున్న రైతులు అమ్ముకోలేక, అప్పు పుట్టించుకోలేక ఉండిపోయారు. ఆ చుక్కల అర్థం తేల్చడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చుక్కల భూముల చట్టం చేయవలసివచ్చింది. పన్నెండేళ్ల స్వాధీనాన్ని అది హక్కుకు ఆధారంగా తీసుకుంది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని నిషిద్ధ జాబితా నుంచి తొలగించేనాటికి, ఆ గడుల్లో చుక్కలు పెట్టి దాదాపు నూరేళ్లయింది.